బడి పిల్లలందరికీ టి.బి. పరీక్ష – ఈ నిబంధన ఎందుకు ఎత్తివేయమంటున్నాం?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మీ చేతికిచ్చిన కార్యక్రమ పత్రంలో ఆరవ అంశం ఒక తీర్మానం. మన సొసైటీ బడిలో చేరే ప్రతి పిల్లవాడు, ప్రతి పిల్ల చేతిమీద టి.బి. సూది పరీక్ష చేయించుకొని కాగితం తేవాలనే నిబంధనను రద్దు చేయాలన్నది దాని సారాంశం. తీర్మానం పెడుతున్నది మా ఆరోగ్య ఉపసంఘం. తమాషా ఏమిటంటే, చాలా ఏళ్ళ క్రితం ఆ నిబంధన పెట్టించింది కూడా మా ఉపసంఘమే. పెట్టినవాళ్ళే తీసేయమంటున్నారంటే కారణం చెప్పాలి గదా! అది చెప్పుకోడానికే మీ ముందు నిలబడ్డాం. కాస్త ఓపికగా వినవలసిందిగా మనవి.

నిబంధన పెట్టిన రోజుల్లో మా ఉద్దేశం మంచిదే. బీదల వాడల్లోంచి వచ్చే పిల్లలు, ఇరుకు ఇళ్ళు, బీడీ దుమ్ము, సరైన తిండి లేకపోవడం – ఇవన్నీ చూసి, జబ్బును గడప దగ్గరే పట్టుకొందామనుకొన్నాం. గాని పోయిన విద్యా సంవత్సరంలో జరిగిన రెండు సంగతులు మా కళ్ళు తెరిపించాయి.

మొదటిది ఒక ఆడపిల్ల సంగతి. ఆరో తరగతిలో చేరడానికి వచ్చింది. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి ఇంట్లో బట్టలు కుడుతుంది. పిల్ల చేతిమీద సూది వేసినచోట 12 మిల్లీమీటర్ల ఉబ్బు వచ్చింది. మన ఆఫీసువాళ్ళు రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఎదుట ఎర్ర సిరాతో 'పాజిటివ్' అని రాశారు. ఎక్స్‌రే తీయించి డాక్టరుగారి సర్టిఫికెట్టు తెచ్చేదాకా బడికి రావద్దన్నారు. ఎక్స్‌రేకు డబ్బు సమకూర్చుకొని, డాక్టరుగారు దొరికి, కాగితం చేతికి వచ్చేసరికి పదహారు రోజులు పట్టింది. ఈలోగా వీధికుళాయి దగ్గర మాట పాకిపోయింది. ఆ పిల్ల అక్కకు మాట్లాడుతున్న సంబంధంవాళ్ళు "ఆ ఇంట్లో జబ్బుందట గదా" అని కబురుపెట్టి ఊరుకొన్నారు. చివరికి తేలిందేమిటి? ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. దగ్గు లేదు, జ్వరం లేదు, తూకం తగ్గలేదు. పిల్లకు టి.బి. లేనే లేదు. మేము ఆ ఇంటికి వెళ్ళి సంజాయిషీ చెప్పబోతే ఆ తల్లి ఒక్క మాట అడిగింది: "మా పాపకు జబ్బు లేదని మీకు డాక్టరుగారు కాగితం ఇచ్చాడు. వీధికి ఎవరిస్తారు సాబ్ కాగితం?" మా దగ్గర జవాబు లేకపోయింది.

రెండోది ఒక మూడో తరగతి పిల్లవాడి సంగతి. జూన్ నెలలో వాడికి పరీక్ష చేస్తే చేతిమీద ఏమీ రాలేదు. 'నెగటివ్' అని రాసుకొని నిశ్చింతగా ఉన్నాం. జనవరిలో వాడికి మెడ పక్కన గడ్డలు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. పెద్దాసుపత్రిలో చూపిస్తే టి.బి. అన్నారు. ఇంట్లో విచారిస్తే, వాడి దాదా నాలుగు నెలలుగా దగ్గుతున్నాడు. మెడికల్ షాపులో సిరప్పు కొనుక్కొని తాగుతున్నాడు. తెమడ పరీక్ష చేస్తే క్రిములు కనిపించాయి. తాతా మనుమడూ పడుకొనేది ఒకే మంచం మీద. అల్లా దయవల్ల ఆరు నెలలు మందు తిని ఇద్దరూ కోలుకొన్నారు. కాని మన పరీక్ష వాళ్ళకు ఏం మేలు చేసింది? జబ్బు లేని పిల్లకు మచ్చ వేసింది, జబ్బు రాబోయే పిల్లవాడిని చూసి ఫరవాలేదంది. జబ్బున్న పెద్దాయనను అసలు అడగనే లేదు!

అప్పుడు మేము కూర్చొని, డాక్టర్లను కలిసి, ఈ పరీక్ష సంగతేమిటో మొదటినుంచీ తెలుసుకొన్నాం. తెలిసినది మీతో పంచుకొంటాం.

1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త క్షయకు కారణమైన క్రిమిని కనిపెట్టినట్లు ప్రకటించాడు. అందుకే ఏటా మార్చి 24న క్షయ దినం జరుపుతారు. ఆ కాక్‌గారే 1890లో ఆ క్రిములనుంచి ట్యూబర్‌క్యులిన్ అనే ద్రవం తయారుచేసి, ఇది క్షయకు మందు అన్నాడు. మందుగా అది పనికి రాలేదు. గాని ఒంట్లోకి ఎప్పుడైనా ఆ క్రిమి చేరిందా లేదా అని చూడడానికి పనికివస్తుందని తర్వాత తేలింది. 1907లో ఫాన్ పిర్కే, 1908లో మాంటూ అనే వైద్యులు దానిని చర్మ పరీక్షగా మలిచారు. ఆ మాంటూ పేరునే మన ఆసుపత్రుల్లో 'మాంటాక్స్ టెస్టు' అంటున్నారు. ముంజేతి చర్మంలో చుక్కంత మందు ఎక్కించి, 48 నుంచి 72 గంటల లోపల ఆ చోటు ఎంత మేర గట్టిగా ఉబ్బిందో కొలుస్తారు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఈ పరీక్ష చెప్పేది 'క్రిమితో పరిచయం ఉండవచ్చు' అని మాత్రమే. 'జబ్బు ఉంది' అని చెప్పదు. క్రిమి ఒంట్లో చేరినవాళ్ళలో జీవితం మొత్తం మీద జబ్బుపడేది నూటికి అయిదుగురు మొదలు పదిమంది దాకా మాత్రమే. మిగిలినవాళ్ళ ఒంట్లో క్రిమి నిద్రపోతూ ఉంటుంది. అట్లాంటివాళ్ళు ఎవరికీ జబ్బు అంటించరు. పైగా, పుట్టగానే వేసే బి.సి.జి. టీకావల్ల కూడా చేతిమీద ఉబ్బు రావచ్చు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ప్రభావం తగ్గుతుంది గాని పూర్తిగా పోయిందని చేయి చూసి చెప్పలేం. మట్టిలో, నీళ్ళలో ఉండే వేరే జాతి క్రిములవల్ల కూడా రావచ్చు. ఇక ఒంట్లో బలం లేని పిల్లలకు, కొత్తగా క్రిమి సోకినవాళ్ళకు, నిజంగా క్రిమి ఉండికూడా ఉబ్బు రాకపోవచ్చు. అంటే అవునన్నా నమ్మలేం, కాదన్నా నమ్మలేం.

లెక్క ఇష్టమున్నవాళ్ళ కోసం ఒక చిన్న లెక్క. ఇది ఊహించి వేసిన లెక్క సుమా. క్షయ అరుదుగా ఉన్న ఊళ్ళో 10,000 మంది బడి పిల్లలున్నారనుకొందాం. వాళ్ళలో నిజంగా క్రిమి సోకినవాళ్ళు 100 మంది. పరీక్ష ఆ నూరుమందిలో 80 మందిని పట్టుకొంది. క్రిమి లేని 9,900 మందిలో నూటికి అయిదుగురిని మాత్రం పొరపాటుగా 'ఉంది' అంది. అది 495 మంది. మొత్తం 575 మంది చేతులు ఉబ్బితే వాళ్ళలో నిజం 80 మంది. ఏడుగురిలో ఒక్కడు! మిగతా ఆరుగురి తల్లిదండ్రులు కారణం లేకుండా కన్నీళ్ళు పెట్టుకోవాలి, ఎక్స్‌రేలకు తిరగాలి. పరీక్ష చెడ్డదై ఇట్లా జరగలేదు. అందరినీ వరసలో నిలబెట్టి చేయడంవల్ల జరిగింది.

ఈ లెక్క తెలిసే పెద్ద పెద్ద దేశాలు ఈ పద్ధతి మానుకొన్నాయి. జపానులో ప్రాథమిక పాఠశాల మొదటి తరగతిలోను, మిడిల్ స్కూలు మొదటి సంవత్సరంలోను పిల్లలందరికీ ఈ పరీక్ష చేసేవారు. 2003 ఏప్రిల్‌నుంచి దానిని ఎత్తివేశారు. బదులుగా, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా, పిల్లవాడికి విడవని దగ్గు ఉందా అని ప్రశ్నలడిగే పద్ధతి పెట్టారు. ఇంగ్లండులో 1953నుంచి బడి పిల్లలకు పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో బి.సి.జి. టీకా వేసేవారు. దానికి ముందు ఆరు సూదుల పరికరంతో 'హీఫ్' పరీక్ష చేసేవారు. అక్కడ చదువుకొన్న మన బంధువులకు ఆ ఆరు చుక్కలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. 2005లో అది ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ క్షయ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో పుట్టిన పసిబిడ్డలకు, క్షయ ఎక్కువగా ఉన్న దేశాలనుంచి వచ్చిన తల్లిదండ్రులు, అవ్వాతాతలు ఉన్న బిడ్డలకు చూసి టీకా వేస్తారు. అమెరికాలో మన తెలుగువాళ్ళు, హైదరాబాదువాళ్ళు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రపు శాంటాక్లారా కౌంటీలో బడిలో చేరే పిల్లలందరికీ పరీక్ష తప్పనిసరిగా ఉండేది. 2014లో ఆ పద్ధతి మార్చి, ముందు ప్రశ్నాపత్రం, అవసరమైనవాళ్ళకే పరీక్ష అన్నారు.

ఇక్కడ మీలో కొందరికి ఒక అనుమానం రావాలి. వస్తే అది న్యాయమైన అనుమానమే. "ఆ దేశాల్లో క్షయ తగ్గిపోయింది, మానుకొన్నారు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారంటారే! మనం ఇంకా ఎక్కువ పరీక్షలు చేయాలి గదా?" అని మా ఉపసంఘంలోనే ఒక పెద్దాయన గట్టిగా వాదించాడు. ఆయన వాదన మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది.

దానికి మేము వెతుక్కొన్న జవాబు ఇది. అక్కడ మానుకోవడానికి కారణం జబ్బు అరుదు కావడం. ఇక్కడ మానుకోవడానికి కారణం వేరు. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ క్షయ సర్వేలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో సుమారు 31 శాతం మంది ఒంట్లో క్రిమి చేరి ఉందని తేలింది. క్రిమితో పరిచయం ఇంత మామూలైన చోట 'పరిచయం ఉంది' అనే మాటతో ఏం చేసుకొంటాం? మనకు కావలసింది జబ్బున్నవాడు ఎవడని. చిన్న పిల్లలకు జబ్బు వచ్చినా వాళ్ళ ద్వారా ఇతరులకు అంటడం చాలా తక్కువ. వాళ్ళ జబ్బులో క్రిములు కొద్దిగా ఉంటాయి, దగ్గి తెమడ బయటికి వేయలేరు. పిల్లవాడికి క్షయ వచ్చిందంటే, వాడి చుట్టుపక్కల దగ్గుతున్న పెద్దమనిషి ఒకరున్నారని అర్థం. కాబట్టి బడి వరండాలో పిల్లల చేతులు చూస్తూ కూర్చోవడంకంటే, ఇంట్లో పెద్దల దగ్గు వినడం మేలు.

ఈ పాఠం మనకు పరదేశంనుంచి వచ్చింది కాదు. క్షయ మీద ప్రపంచానికే పాఠాలు చెప్పిన పని మన దక్షిణాదిలో జరిగింది. మన రాయలసీమలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. మన తాతల కాలంలో క్షయ అంటే ఆరోగ్యవరమే. దేశంలో 1948లో బి.సి.జి. పని ఆరంభమైనప్పుడు తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. ఆ రోజుల్లో రోగిని ఇల్లు వదిలించి శానిటోరియంలో పెట్టడమే పద్ధతి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం ఒక ప్రయోగం చేసింది. బీద రోగులను సగంమందిని ఇంట్లోనే ఉంచి, సగంమందిని శానిటోరియంలో ఉంచి అవే మందులిచ్చి చూశారు. 1959లో ఫలితం బయటపెట్టారు: మందు సరిగ్గా తింటే ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమయింది. ఇంట్లోవాళ్ళకు అదనంగా ప్రమాదమూ రాలేదు. రోగిని వెలివేయనక్కరలేదని శాస్త్రం అప్పుడే చెప్పింది. మనమే ఇంకా చెవిన పెట్టలేదు.

బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థవారు 1963లో ఇంకొక సంగతి ప్రకటించారు. పల్లెల్లో తెమడలో క్రిములున్న రోగులను కలిసి అడిగితే, వాళ్ళలో ఎక్కువమందికి తమకు ఏదో బాధ ఉందని తెలుసు. సగానికి పైగా ఏదో ఒక వైద్యుడి దగ్గరికి వెళ్ళినవాళ్ళే. దగ్గు మందు ఇచ్చి పంపించేశారు, అంతే! అందుకే 1962లో మొదలైన జాతీయ క్షయ నివారణ పథకం, దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళ తెమడ పరీక్ష చేయడం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకొంది. మన మూడో తరగతి పిల్లవాడి దాదా, సిరప్పు సీసా – అరవై ఏళ్ళ తర్వాత కూడా అదే కథ.

అయితే నిజాయితీగా రెండో పక్క కూడా చెప్పాలి. ఇందాక చెప్పిన జాతీయ సర్వేలోనే, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే 42 శాతానికి పైగా రోగులు బయటపడేవారు కాదని తేలింది. దగ్గు లేకుండా కూడా ఊపిరితిత్తుల్లో జబ్బు ఉండగలదు. కాబట్టి వెతకడమే వద్దని మేము అనడం లేదు. ప్రభుత్వంవారు క్షయ వెతికే శిబిరం పెట్టి ఎక్స్‌రే బండి మన వాడకు తెస్తే, మనం ఇల్లిల్లూ తిరిగి, షుగరు ఉన్నవాళ్ళను, వృద్ధులను, బీడీ పనివాళ్ళను, ఇంతకుముందు క్షయ వచ్చినవాళ్ళ కుటుంబాలను తీసుకొని వెళ్ళాలి. అవసరం ఉన్నవాళ్ళను వెతకడం వేరు, బడికి వచ్చిన ప్రతి పసివాడి చేయి పొడవడం వేరు. చర్మ పరీక్ష కూడా పనికిరానిది కాదు. ఇంట్లో రోగి ఉన్నప్పుడు డాక్టరుగారు ఆ ఇంటి పిల్లలకు చేయిస్తే దానికి విలువ ఉంది. బి.సి.జి.వల్ల పొరబడని 'సై-టి.బి.' అనే కొత్త చర్మ పరీక్షను కూడా మన దేశంలో 2022లో ఆమోదించారు. అది ఎవరికి చేయాలో వైద్యులు నిర్ణయిస్తారు. బడి గుమాస్తా నిర్ణయించరాదు.

ఇక నిబంధన తీసేసి చేతులు కట్టుకొని కూర్చుంటామా? కాదు. దాని స్థానంలో మా ఉపసంఘం ప్రతిపాదించే ఏర్పాట్లు ఇవి:

ఒకటి. ఏటా జూన్‌లో ప్రతి ఇంటికీ ఒక కాగితం, తెలుగులోను ఉర్దూలోను. అయిదే ప్రశ్నలు. పిల్లవాడికి రెండు వారాలకు మించి దగ్గు గాని జ్వరం గాని ఉందా? తూకం తగ్గిందా, లేక పెరగడం లేదా? మెడలో గడ్డలున్నాయా? ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా, ఈ రెండేళ్ళలో వచ్చిందా? ఇంట్లో పెద్దలెవరైనా రెండు వారాలకు మించి దగ్గుతున్నారా? చదవలేని తల్లులకు మన స్త్రీ విభాగంవారు ఇంటికి వెళ్ళి చదివి రాసుకొంటారు.

రెండు. 'అవును' అని వచ్చిన ఇంటివాళ్ళను మన వాలంటీరు ఒకరు వెంటబెట్టుకొని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళతారు. పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. రోగికి పోషకాహారం కోసం 2018నుంచి నెలకు 500 రూపాయలు ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేసేది. 2024 నవంబరునుంచి దానిని 1,000 చేశారు. ఖాతా లేక ఆ డబ్బు పోగొట్టుకొనేవాళ్ళుంటే ఖాతా తెరిపించే పూచీ మాది.

మూడు. పిల్లలకంటే ముందు పెద్దలు. బడి ఉపాధ్యాయులు, ఆయాలు, వంటవాళ్ళు, ఆటోవాళ్ళు, మా ఉపసంఘం సభ్యులతో సహా – రెండు వారాలు దగ్గితే తెమడ పరీక్ష చేయించుకొని తీరాలి. ఆ రోజుల జీతం కోయరాదు.

నాలుగు. ఏ ఇంట్లో రోగి తేలినా ఆ ఇంటి పిల్లలందరినీ, ముఖ్యంగా అయిదేళ్ళలోపు వాళ్ళను, డాక్టరుగారికి చూపించాలి. జబ్బు లేదని తేలితే, రాకుండా ముందుగానే ఇచ్చే మందు ఉంది. దానిని మధ్యలో మానకుండా చూడాలి.

అయిదు. గోప్యం. పిల్లల పేర్లు అసెంబ్లీలో చదవరాదు, బోర్డు మీద పెట్టరాదు, ఎర్ర సిరాతో రాయరాదు. నిజంగా జబ్బు ఉన్న పిల్లనైనా డాక్టరుగారు రావచ్చన్న రోజునుంచి బడిలో కూర్చోబెట్టాలి. సరైన మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే అంటే గుణం బాగా తగ్గిపోతుంది. కంచం వేరు, గ్లాసు వేరు అని చేయడంవల్ల లాభం లేదు. ఈ జబ్బు గాలిద్వారా వస్తుంది. కిటికీ తెరిచి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొంటే కంచాలు వేరు చేసినదానికంటే ఎక్కువ మేలు.

తల్లులకు ఒక ప్రత్యేక మనవి. మందు మొదలైన నెల రెండు నెలలకే దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది. అప్పుడు "ఇంక చాలు" అని మానేస్తే జబ్బు మొండికేసి తిరగబెడుతుంది. ఆరు నెలలంటే ఆరు నెలలూ తినాలి. మాత్రలవల్ల మూత్రం నారింజ రంగులో వస్తే భయపడకండి. అది మందు రంగే. రంజాన్ నెలలో మందు మానేస్తున్నవాళ్ళను మేము చూశాం. రోగికి మినహాయింపు ఉన్న సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ విషయం ఇమాంసాబ్‌ను, మందు వేళ సంగతి డాక్టరుగారిని ముందుగానే అడగండి. ఎవరినీ అడగకుండా మాత్ర మాత్రం మానకండి. ఇక సంబంధాలు చూసేవాళ్ళకు: నయమైన క్షయ నయమైనట్లే. దానిని సాకుగా చూపి ఒక ఆడపిల్ల నికాహ్ ఆపడం వైద్యమూ కాదు, న్యాయమూ కాదు.

ఖర్చు మాటకొస్తే, ఏటా ఆ సూదులకూ కాగితాలకూ మన ఫండునుంచి పెడుతున్న సొమ్మును ఇకమీదట రోగులున్న బీద కుటుంబాలకు కందిపప్పు, గుడ్లు, వేరుశనగలు కొనడానికి వాడాలని మా కోరిక. ప్రభుత్వంవారి 'ని-క్షయ్ మిత్ర' పథకం కింద 2022నుంచి ఇట్లాంటి సంఘాలు రోగులను దత్తత తీసుకొని తిండి సరుకులు ఇస్తున్నాయి. మన సొసైటీ కూడా అందులో పేరు నమోదు చేసుకోవాలి.

చివరిగా ఒక్క మాట. ఆ ఆరో తరగతి పిల్ల ఇప్పుడు మన బడిలోనే ఏడో తరగతి చదువుతోంది. చక్కగా చదువుతోంది. ఆమె తల్లిదండ్రులు ఈ సభలోనే ఉన్నారో లేదో మేము చూడలేదు, చూడదలచుకోలేదు. కాని ఉన్నా లేకున్నా, ఈ వేదిక మీదనుంచి మా ఉపసంఘం వారికి మాఫీ చెప్పుకొంటోంది. ఆ తల్లి అడిగిన కాగితం మేము ఇవ్వలేకపోయాం. మీరందరూ చేయెత్తి ఈ తీర్మానం ఆమోదిస్తే, ఇంకే తల్లీ మనను ఆ కాగితం అడగవలసిన అవసరం రాకుండా చేసినవాళ్ళమవుతాం.